మధ్యధరా సముద్రంలో తెరచాప ప్రయాణం: ఏ పైలట్ పుస్తకం, ఏ ఎలక్ట్రానిక్ చార్టు?

గ్రీసులోని అమోర్గోస్ దీవి నావికులు వాడే సముద్ర పటం, అంటే చార్టు మీద ఈశాన్యం నుంచి నైరుతికి సన్నగా సాగిన కొండల వరుసలా కనిపిస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్టెమి గాలి వీస్తుంది కాబట్టి, ఎత్తైన ఆ దీవికి దక్షిణం వైపు చేరితే పడవకు చాటు దొరుకుతుందని చార్టు ఒక్కటే చూసినవారు ఎవరైనా అనుకుంటారు. అక్కడ జరిగేది దానికి విరుద్ధం. శిఖరాలు దాటిన గాలి దక్షిణపు వాలు వెంట కిందికి జారుతూ వేగం పుంజుకొని, బయటి సముద్రంలో ఉన్నదానికన్నా గట్టి విసురులుగా నీటి మీద పడుతుంది. ఆండ్రోస్, టినోస్ దీవుల దక్షిణ తీరాలలోనూ ఇదే పరిస్థితి. తీరరేఖ, లోతుల అంకెలు, దీపస్తంభాలు అన్నీ సరిగ్గా ఉన్న చార్టులో ఈ సంగతి ఉండదు. పైలట్ పుస్తకంలో ఉంటుంది.

పేరు చూసి విమానాలకు సంబంధించినదని పొరబడవద్దు. ఒక తీరం వెంట ఉన్న రేవులను, లంగరు వేయదగిన చోట్లను ఒకదాని తరువాత ఒకటిగా వర్ణించే నావికుల పుస్తకాన్ని పైలట్ పుస్తకం అంటారు. ఏ గాలికి ఏ రేవు చాటు ఇస్తుంది, అడుగున ఇసుకా బురదా గడ్డా, గట్టు దగ్గర ఎంత లోతు, నీళ్లు, డీజిల్ ఎక్కడ దొరుకుతాయి, రేవు అధికారి కార్యాలయం ఎటువైపు, మధ్యాహ్నం తరువాత గాలి ఎటు తిరుగుతుంది వంటివన్నీ అందులో చేతితో గీసినట్టుండే చిన్న పటాలతో సహా ఉంటాయి. ఆ పటాలను దారి చూసుకోవడానికి వాడవద్దని ఆ పుస్తకాలే ముందు పేజీల్లో హెచ్చరిస్తాయి. కాబట్టి పుస్తకమా, చార్టా అన్నది ప్రశ్నే కాదు. రెండూ కావాలి. అయితే ఎంత వివరంగా ఉన్న పుస్తకం, ఎన్ని చార్టులు, దేనికి ముందు డబ్బు పెట్టాలి అన్నవి మాత్రం ఆలోచించి తేల్చుకోవలసిన ప్రశ్నలు. నా అభిప్రాయంలో పుస్తకాన్ని ముందు కొనాలి, మార్గాన్ని దానితో నిర్ణయించుకోవాలి, చార్టులను ఆ మార్గానికి తగినట్టు ఎంచుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఫోన్‌లో చార్టు యాప్ పెట్టుకొని, అందంగా కనిపించిన అఖాతాలన్నీ గుర్తు పెట్టుకొని, అక్కడికి చేరిన తరువాత గాలిని చూసి కంగారు పడతారు.

ఈ వ్యాసం ముఖ్యంగా ఐరోపాలోనో గల్ఫ్ దేశాలలోనో ఉంటూ, వేసవిలో కుటుంబంతోనో స్నేహితులతోనో వారం, రెండు వారాలు పడవ అద్దెకు తీసుకొనే తెలుగువారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో తెరచాప నేర్చుకున్నవారికి గాలిని చదవడం బాగా వస్తుంది కానీ, చార్టుతో పని పడి ఉండదు, ఎందుకంటే అక్కడ నాలుగు గట్లూ కంటికి కనిపిస్తూనే ఉంటాయి. మర్చంట్ నేవీలో పనిచేసిన మనవారి సంగతి వేరు. బ్రిటిష్ అడ్మిరాల్టీ ప్రచురించే మధ్యధరా పైలట్ సంపుటాలు, ఎన్‌పీ 45 నుంచి 49 వరకు, ఓడను నడిపే గది అయిన బ్రిడ్జి మీద వారికి పరిచయమే. అయితే అవి పెద్ద ఓడల కోసం రాసినవి. పన్నెండు మీటర్ల పడవ రాత్రి గడపవలసిన చిన్న అఖాతానికి వాటిలో ఒక వాక్యం దక్కితే గొప్ప. వారు కూడా చిన్న పడవల కోసం రాసిన పుస్తకాన్ని కొత్తగా కొనుక్కోవలసిందే.

పుస్తకం: ఎంత వివరం కావాలి?

చిన్న పడవల కోసం ఇంగ్లీషులో వచ్చే పుస్తకాలను మూడు స్థాయిలుగా చూడవచ్చు. మొదటిది మధ్యధరా మొత్తాన్ని ఒకే సంపుటంలో కుదించిన ఆల్మనాక్. రెండవది దేశానికొకటి చొప్పున వచ్చే పెద్ద పుస్తకం. ఇమ్రే సంస్థ ప్రచురించే గ్రీక్ వాటర్స్ పైలట్, ఇటాలియన్ వాటర్స్ పైలట్, అడ్రియాటిక్ పైలట్ ఈ కోవలోవి. స్పెయిన్ తీరానికీ బాలియారిక్ దీవులకూ ఆర్‌సీసీ పైలటేజ్ ఫౌండేషన్ తయారుచేసిన పుస్తకాలున్నాయి. మూడవది ఒకే ప్రాంతానికి పరిమితమైన పుస్తకం. గ్రీసునే తీసుకుంటే అయోనియన్ సముద్రానికి, పశ్చిమ ఏజియన్‌కు, తూర్పు ఏజియన్‌కు వేర్వేరు సంపుటాలు దొరుకుతాయి.

వారం, రెండు వారాల ప్రయాణానికి నిస్సంకోచంగా మూడవ రకం కొనండి. ఏడు రోజులలో హాయిగా తిరగగలిగేది నూరు, నూట యాభై నాటికల్ మైళ్లు. అంత చిన్న నీటిలో మీకు కావలసింది ప్రతి రేవు గురించీ నాలుగు పేరాలు, ఒక పెద్ద పటం. దేశం మొత్తానికి సంబంధించిన పుస్తకం మరుసటి ఏడు మరో ప్రాంతానికి వెళ్లినప్పుడు పనికివస్తుందని కొనేవారున్నారు, కానీ అప్పటికి అది పాతబడుతుంది. సొంత పడవతో నెలల తరబడి తిరిగేవారికి మాత్రం దేశపు సంపుటమే సరైనది. వారి దారి వాతావరణాన్ని బట్టి మారుతుంది, అనుకోని రేవులో దూరవలసి వస్తుంది. ఆల్మనాక్‌ను ఒంటరిగా నమ్ముకోవద్దు. ఒక తీరం నుంచి మరో తీరానికి దాటుతున్నవారికి అది తోడు పుస్తకం మాత్రమే.

ముద్రణ సంవత్సరం చూడకుండా పాత పుస్తకం చవకగా వస్తుందని కొనడం నేను ఒప్పుకోను. కొరింథ్ కాలువ ఉదంతమే చూడండి. గ్రీసు దక్షిణపు ద్వీపకల్పమైన పెలొపొన్నీస్‌ను చుట్టి రావలసిన దూరాన్ని తగ్గించే ఆ కాలువ 1893లో తెరుచుకుంది, పొడవు ఆరు కిలోమీటర్ల పైచిలుకు. కొండచరియలు విరిగిపడి 2021 జనవరిలో మూతపడింది. 2022 వేసవిలో కొన్ని నెలలు తెరిచి మళ్లీ మూసి, 2023 వేసవిలో మళ్లీ తెరిచారు. ఆ రోజుల్లో 2020 నాటి పుస్తకాన్ని పట్టుకొని ఏథెన్స్ నుంచి అయోనియన్ సముద్రానికి బయలుదేరినవారి పథకం ఏమై ఉంటుందో ఊహించండి. మంచి ప్రచురణకర్తలు రెండు ముద్రణల నడుమ వచ్చిన మార్పులను అనుబంధంగా తమ వెబ్‌సైటులో ఉచితంగా పెడతారు. పుస్తకం కొన్న రోజే దాన్ని దించుకొని, మార్పులను పెన్సిలుతో ఆయా పేజీల అంచున రాసుకోవాలి. ఈ అనుబంధాలు ఇవ్వని పుస్తకాన్ని, ఎంత అందంగా ఉన్నా, పక్కన పెట్టవచ్చు.

ఈ-పుస్తకం రూపంలోనూ ఇవి దొరుకుతాయి. ఇంట్లో ప్రణాళిక వేసుకోవడానికి అది బాగుంటుంది. పడవ మీద మాత్రం అచ్చు పుస్తకమే నయం. రేవులోకి తిరిగే ఆ పది నిమిషాలలో టాబ్లెట్ తెర మీద చార్టు ఉండాలి, పక్కనే పుస్తకం తెరిచి ఉండాలి. ఒకే తెర మీద రెండింటి మధ్య మారుతూ చుక్కాని పట్టడం కుదిరే పని కాదు.

ఎలక్ట్రానిక్ చార్టు: కొనేముందు తెలియవలసినవి

ఎలక్ట్రానిక్ చార్టులు రెండు రకాలు. కాగితపు చార్టును యథాతథంగా బొమ్మగా మార్చినది రాస్టర్. ప్రతి లోతు, ప్రతి రాయి, ప్రతి దీపం విడివిడి సమాచారంగా నిల్వ ఉండి, తెర మీద అప్పటికప్పుడు గీయబడేది వెక్టర్. ఇప్పుడు పడవలో చార్టును తెర మీద చూపే పరికరాలైన ప్లాటర్లలోనూ ఫోన్ యాప్‌లలోనూ దాదాపు అన్నీ వెక్టర్ చార్టులే. రాస్టర్‌ను దగ్గరికి లాగితే అక్షరాలు పెద్దవై మసకబారతాయి కాబట్టి, హద్దు దాటామని కంటికే తెలుస్తుంది. వెక్టర్‌లో ఆ హెచ్చరిక ఉండదు. ఎంత లాగినా గీతలు పదునుగానే ఉంటాయి, అసలు సర్వే ఎంత ముతకగా జరిగినా సరే. వెనక్కి లాగినప్పుడు ప్రమాదం ఇంకో రకం. తెర నిండిపోకుండా ఉండేందుకు సాఫ్ట్‌వేర్ చిన్న వివరాలను దాచేస్తుంది, ఆ దాచినవాటిలో రాళ్లూ దిబ్బలూ ఉండవచ్చు. 2014 నవంబర్ 29న వోల్వో ఓషన్ రేస్‌లో పాల్గొంటున్న టీమ్ వెస్టాస్ విండ్ పడవ హిందూ మహాసముద్రంలో మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కరజోస్ దిబ్బ మీదికి ఎక్కిపోయింది. అందులో ఉన్నవారు ప్రపంచ స్థాయి నావికులు. చార్టులో దిబ్బ ఉంది, కానీ వారు చూస్తున్న దూరపు దృశ్యంలో దాని ప్రమాదం కనిపించలేదు. అందుకే మార్గం గీసుకున్న తరువాత, ఆ గీత మొదటి నుంచి చివరిదాకా దగ్గరి దృశ్యంలో వేలితో జరుపుతూ చూడటం నేను ఎప్పుడూ మానను.

సర్వే నాణ్యత గురించి కూడా ఒక మాట చెప్పాలి. పంతొమ్మిదవ శతాబ్దంలో బ్రిటిష్ నౌకాదళానికి చెందిన థామస్ గ్రేవ్స్, థామస్ స్ప్రాట్ వంటి అధికారులు ఏజియన్ లోతులను సీసపు గుండు కట్టిన తాడుతో కొలిచారు. మన తీరంలో జాలరులు ఇప్పటికీ లోతును బారలలో చెప్పినట్టే, ఆ చార్టులూ బారలలోనే ఉండేవి. వారి శ్రద్ధ అపారమైనదే, కానీ గుండు పడిన చోటి లోతే తాడుకు తెలుస్తుంది. రెండు కొలతల నడుమ ఉన్న రాయి తప్పించుకోవచ్చు. అందుకే అధికారిక ఎలక్ట్రానిక్ చార్టులలో ప్రతి ప్రాంతానికీ నమ్మకపు స్థాయిని ఎ1 నుంచి డి వరకు సూచిస్తారు. ఎ1లో స్థానంలో తేడా 5 మీటర్లు, దానికి తోడు లోతులో 5 శాతం మించదు. సి స్థాయిలో అది 500 మీటర్ల వరకు ఉండవచ్చు. ఫోన్ యాప్‌లలో ఈ సూచన చాలావరకు కంటికి కనిపించదు. ఇక పాత కాగితపు చార్టులు వాడేవారు వాటి మీద ఏ డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టిన ఆధార పద్ధతి, రాసి ఉందో చూడాలి. ఐరోపాలో చాలాకాలం వాడిన ఈడీ50కీ, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84కీ మధ్యధరాలో నూరు మీటర్లకు పైగా తేడా వస్తుంది. ఇరుకైన రేవు ముఖద్వారంలో నూరు మీటర్లంటే రాయికీ నీటికీ మధ్య ఉన్న దూరం.

ఇంతకీ ఏది కొనాలి? ముందు పడవ అద్దెకిచ్చే సంస్థకు రాసి, ప్లాటర్‌లో ఏ సంస్థ చార్టు ఉంది, చివరిసారి ఎప్పుడు నవీకరించారు అని అడగండి. మీ టాబ్లెట్‌లో దానికి భిన్నమైన సంస్థ చార్టు పెట్టుకోండి. ప్లాటర్‌లో నావియోనిక్స్ ఉంటే టాబ్లెట్‌లో సీ-మ్యాప్, అది ఉంటే ఇది. రెండు పరికరాలలో ఒకే సంస్థ చార్టు ఉంటే రెండు చార్టులు ఉన్నట్టు కాదు. ఒకే తప్పును రెండుసార్లు చూస్తున్నట్టు. ఒకసారి మేము అద్దెకు తీసుకున్న పడవలోని ప్లాటర్ ఒక చిన్న రేవు ముందు ఖాళీ నీటిని చూపించింది. మా అబ్బాయి టాబ్లెట్‌లో అక్కడ అలలను ఆపే కొత్త రాళ్ల గట్టు ఉంది. ఎదురుగా చూస్తే నిజంగానే ఉంది, కొస మీద పచ్చదీపంతో సహా. అది పట్టపగలు, గాలి లేని రోజు కాబట్టి మాకేమీ కాలేదు. అదే రాత్రివేళ అయితే ఏమయ్యేదో అనుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

నావియోనిక్స్ యాప్‌లో వాడకందారుల సోనార్ కొలతల నుంచి తయారైన లోతుల పొర ఒకటి ఉంది. చూడటానికి అధికారిక సర్వేకన్నా ఎంతో వివరంగా ఉంటుంది. లంగరు వేసేముందు అడుగు ఎలా వాలుతుందో తెలుసుకోవడానికి వాడండి, అంతవరకే. తెలియని దిబ్బకు పక్కనుంచి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయానికి దాన్ని ఆధారం చేసుకోవద్దు. ల్యాప్‌టాప్‌తో కుస్తీ పట్టే ఓపిక ఉన్నవారికి ఓపెన్‌సీపీఎన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి ఓ-చార్ట్స్ నుంచి అధికారిక చార్టులు కొని జోడించుకోవచ్చు. సొంత పడవ ఉన్నవారికి నేను దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. వారం రోజుల ప్రయాణానికి అంత శ్రమ అక్కరలేదు.

నావిలీ వంటి యాప్‌లు మూడో రకం. అవి చార్టులూ కావు, పైలట్ పుస్తకాలూ కావు. నిన్న రాత్రి అక్కడ లంగరు వేసినవారు ఈ రోజు రాసిన అభిప్రాయాలు, ఫోటోలు వాటిలో ఉంటాయి. గట్టు మీద నీటి కుళాయి పనిచేస్తోందా, హోటలువాడు తాడు అందుకుంటాడా, కొత్తగా తేలుడు బోయాలు వేసి డబ్బు వసూలు చేస్తున్నారా వంటి విషయాలలో ఏ పుస్తకమూ వాటితో పోటీ పడలేదు. అయితే ప్రశాంతమైన రాత్రి గడిపినవారు బ్రహ్మాండమైన చాటు అని రాస్తారు. వారు పొగిడింది ఆ రాత్రి వాతావరణాన్ని, అఖాతాన్ని కాదు.

పశ్చిమ మధ్యధరాలో అడుగున ఉన్న పోసిడోనియా గడ్డి ఇప్పుడు చట్టపరమైన విషయం కూడా. బాలియారిక్ దీవుల ప్రభుత్వం 2018 ఆజ్ఞతో ఆ గడ్డి మీద లంగరు వేయడాన్ని నిషేధించింది. ఫ్రాన్సులో 24 మీటర్లు, అంతకుమించిన పడవల మీద ఇలాంటి ఆంక్షలున్నాయి. చిన్న పడవలైనా ఆ గడ్డిని తప్పించడమే ధర్మం, పైగా దాని మీద లంగరు సరిగ్గా పట్టదు కూడా. ఇక్కడ పుస్తకం చాలదు. గడ్డి విస్తరించిన మేరను పటంగా చూపే డోనియా వంటి యాప్ ఫోన్‌లో తప్పక ఉండాలి.

ఏ తీరానికి ఏది?

మొదటిసారి వెళ్లేవారికి అయోనియన్ దీవులు: ప్రాంతీయ పుస్తకం, రెండు సంస్థల చార్టులు, అంతే చాలు. ఉదయం గాలి ఉండదు, మధ్యాహ్నం వాయవ్యం నుంచి మొదలై చీకటి పడ్డాక తగ్గుతుంది. దూరాలు చిన్నవి. అయినా ఇథాకాలోని వతీ అఖాతంలోకి మధ్యాహ్నపు గాలి ఎలా విసురుగా దూరుతుందో పుస్తకంలో చదివి వెళ్లినవారు లంగరుకు చాలినంత గొలుసు వదులుతారు, చదవనివారు సాయంత్రం భోజనం మధ్యలో పడవకు పరుగెత్తుతారు.

ఏజియన్‌లోని సిక్లాడీస్ దీవులకైతే పుస్తకం విలువ మూడింతలు. మెల్టెమి, గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ కొలమానంలో 5 నుంచి 7 దాకా రోజుల తరబడి వీచగలదు. ప్రతి రాత్రికీ ఒక రేవుతో పాటు, అది కుదరకపోతే చేరదగిన మరో రేవును ముందే ఎంచుకోవాలి. ఆ పని చార్టుతో సాధ్యం కాదు.

క్రొయేషియాలో లెక్క మారుతుంది. వెయ్యికి పైగా దీవులు, రాళ్లు ఉన్న ఆ తీరంలో చార్టు వివరం ప్రాణంతో సమానం. స్ప్లిట్ నగరంలోని హైడ్రోగ్రాఫిక్ సంస్థ అధికారిక చార్టులు ప్రచురిస్తుంది, పడవలో కాగితపు ప్రతి ఉంటే దాన్నే ప్రధానంగా వాడండి. ఈశాన్యం నుంచి పర్వతాల మీదుగా దూకే బోరా గాలికి తెరుచుకొని ఉన్న అఖాతాలేవో పుస్తకం చెబుతుంది. చార్టు మీద కనిపించే స్థానిక పదాలు కొన్ని నేర్చుకోవడం ఎక్కడైనా మేలు. క్రొయేషియాలో ఉవాలా అంటే చిన్న అఖాతం, ఆర్‌టీ అనే రెండక్షరాలు ఉంటే అగ్రం, హ్రిద్ అంటే రాయి. గ్రీకులో ఓర్మోస్ అఖాతం, ఇఫాలోస్ నీటి కింది దిబ్బ. ఇటలీలో సెక్కా, అంటే లోతు తక్కువ దిబ్బ, అని ఉంటే దూరంగా జరగండి.

సైప్రస్, లెబనాన్, ఇజ్రాయెల్ వైపు వెళ్లేవారు కాగితపు చార్టు, చేతి దిక్సూచి లేకుండా బయలుదేరవద్దు. తూర్పు మధ్యధరాలో జీపీఎస్ సంకేతాలకు అంతరాయాలు కలగడం, సముద్రంలో ఉన్న ఓడ బేరూత్ విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించడం జరిగాయి. అలాంటప్పుడు రెండు అగ్రాల దిశలను దిక్సూచితో చూసి కాగితం మీద గీతలు గీయడం ఒక్కటే మార్గం. మిగతా ప్రాంతాలలో కూడా మొత్తం ప్రాంతాన్ని చూపే ఒక్క కాగితపు చార్టయినా ఉండాలని నా నమ్మకం. దానికి కారణం మామూలు ఎండ. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలోనే వాడాలని తయారీదారే చెబుతాడు. ఆగస్టు మధ్యాహ్నం చుక్కాని పక్కన, నల్లటి వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టిన టాబ్లెట్ తెర మీద వేడి హెచ్చరిక వచ్చి ఆగిపోవడం నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ రేవు ముందే. తడి తువ్వాలు కప్పి నీడలో ఉంచితే పావుగంటకు మళ్లీ లేస్తుంది, కానీ ఆ పావుగంట పడవ ఆగదు.

ఎంపిక పూర్తయ్యాక వాడే పద్ధతి ఒకటి చెబుతాను. ముందు రోజు రాత్రి పుస్తకంలో మరుసటి రేవు పేజీ తెరిచి, నోటు పుస్తకంలో తెలుగులోనే ఒక పేజీ రాస్తాను. ముఖద్వారానికి చేరే దిశ, ఎడమ చేతి వైపు ఉండవలసిన ఎర్రదీపం, గట్టు దగ్గర లోతు, అడుగు స్వభావం, లంగరు ఎంత దూరంలో వదలాలి, అణియం (పడవ ముందు కొన) బయటికి పెట్టి అమరాన్ని (వెనక కొనను) గట్టుకు చేర్చేటప్పుడు ఏ తాడు ఎవరి చేతిలో ఉండాలి, చోటు లేకపోతే వెళ్లే రెండో రేవు. తరువాత అదే విషయాలను రెండు ఎలక్ట్రానిక్ చార్టులలోనూ సరిచూసి, పొంతన కుదరని చోట ఎర్ర సిరాతో సున్న చుడతాను. ఆ పేజీని మా బావ గట్టిగా చదువుతాడు, మా అక్క తన తాడు ఏదో చూపిస్తుంది. ఎర్ర సున్నలు రెండు దాటితే ఆ రేవుకు చీకటి పడకముందే చేరేలా బయలుదేరే గంటను ముందుకు జరుపుతాం.